ముత్యాలు కొలతకు దొరసాని పట్టు

కాశమ్మ ఇంట్లోకి పట్టుబట్ట వచ్చిందంటే ముందు పొయ్యి ఆరిపోవాల్సిందే. పొగ సోకితే పట్టు వాసన పడుతుంది, ఆ వాసన ఒక పట్టాన పోదు. ఆ తర్వాత చేతులకు జొన్నపిండి రుద్దుకుని, చెమట ఆరాక గానీ మూట విప్పేది కాదు. ఆ రోజూ అంతే చేసింది.

మూటలో ఉన్నవి ఊరి దొర ఉండే గడిలో దొరసాని కట్టి విడిచిన వంకాయరంగు పట్టుచీర, దాని మీది రైక. వాటిని కత్తిరించి ఒక చిన్నపిల్లకు లంగా, రైక కుట్టాలని కబురు. తెల్లవారితే దొర బిడ్డ అత్తగారింటికి పోతుంది కనుక పొద్దుగూకకముందే బట్టలు గడికి చేరాలి. కూలి ఊసు లేదు. నిజాం రాజ్యంలో ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల బట్టలు కుట్టే మేర కులంవాళ్ల సూదులన్నీ గడికి వెట్టిగా నడిచినవే. వెట్టిని ఎదిరించే సంఘం మాట అప్పటికింకా ఈ దిక్కుకు రాలేదు. కాశమ్మ పెనిమిటి సిద్దయ్య పెండ్లి పనులు మొదలైనప్పటి నుంచీ గడి వసారాలోనే కుడుతున్నాడు. మిషను కూడా అతని నెత్తినే పెట్టి మోయించారు. ఇంటికి రావడానికి సెలవు లేదు.

కొలత దారంగా వచ్చింది. గడి బట్ట ఎవరికైనా కానీ, లోపలి దాసి దారంతో ఒళ్లు కొలిచి, ముడులు వేసి పంపడమే అక్కడి పద్ధతి. ఒక ముడి ఛాతీకి, ఒకటి చేతికి, చివరిది నడుము నుంచి పాదానికి.

రైక బాగా పాతది. మడతల దగ్గర ఉల్లిపొరలా పలచబడింది. కుట్టు లాగితే బట్టే చీలుతుంది. కాశమ్మ కత్తి మొనతో ఒక్కో కుట్టూ తెంపుతూ పక్కలు రెండూ విప్పింది. చీర మీద కత్తెర పెట్టేముందు కొలత ఒకసారి సరిచూసుకుందామని కూతురు ముత్యాలును పిలిచింది. ఇది మేర ఇళ్లలో మామూలే. ఇంటి పిల్లను నిలబెట్టి చూసుకుంటే బట్ట ఎక్కడ వదులు కావాలో, ఎక్కడ బిగువు కావాలో తెలుస్తుంది.

దారం పిల్ల ఛాతీ చుట్టూ తిరిగి సరిగ్గా ముడి దగ్గర కలిసింది. చెయ్యి కలిసింది. నడుము నుంచి పాదం దాకా కలిసింది.

"కదలకుండ నిలవడవే," అని కాశమ్మ మళ్లీ కొలిచింది. అదే కొలత.

"అవ్వా, గిది గడి బుగ్గమ్మ దారమే గద," అంది ముత్యాలు. "మొన్న బాయి కాడ నన్ను గిట్లనే చుట్టింది. మస్తు చక్కిలిగిలయింది. బెల్లంముక్క పెట్టింది."

"నాకెందుకు చెప్పలేదే?"

"బెల్లం తిన్నవని కొడ్తవని."

కాశమ్మకు ఆ దారం ఎందుకొచ్చిందో తెలిసిపోయింది. దొర బిడ్డ కాపురానికి పోతే ఆమె వెంట ఆవులు, బిందెలు, మంచం పోయినట్టే ఒక పిల్ల కూడా పోతుంది. ఆ పిల్లను ఆడబాప అంటారు. చిన్ననాడు దొరసాని కాళ్లు పట్టాలి, ఎదిగాక ఆ ఇంటి మగవాళ్లు పిలిస్తే పోవాలి. దానికి పెండ్లి లేదు. కన్నవాళ్ల గడప మళ్లీ తొక్కేది లేదు. బానిస అనే మాట మాత్రం ఎవరి నోటా రాదు. పట్టు తొడిగి, బండెక్కించి, అదృష్టవంతురాలంటారు.

ఆ అదృష్టాన్ని ఇప్పుడు తల్లి చేతే కుట్టిస్తున్నారు.

కాశమ్మ కత్తెర మూసి పక్కన పెట్టింది. కోసిన పట్టు ఇక ఆ కొలతకే పనికొస్తుంది. కోస్తే పిల్ల పోతుంది. కోయకపోతే సిద్దయ్య వాళ్ల చేతుల్లో ఉన్నాడు.

పిల్ల రెక్క పట్టుకుని చెరువు కట్ట మీదికి నడిచింది. చేపలను మంచాల ఊరికి కావడిలో మోసే అంజిలయ్య అప్పుడే బయలుదేరుతున్నాడు.

"అన్నా, దీన్ని మా చెల్లె నర్సమ్మ ఇంట్ల దించి పో."

"పెండ్లి కూడు ఇడిచి ఎవలన్న ఊరు పోతరా పిల్లా?"

"ఆ పెండ్లే దీన్ని మింగేటట్టున్నది."

అంజిలయ్య ఇంకేమీ అడగలేదు. కావడి భుజం మార్చుకుని, "నడువు బిడ్డా. చేపల వాసనన్నవంటె బుట్ట నీ నెత్తినే పెడ్త," అన్నాడు. ముత్యాలు నవ్వుతూ అతని వెనక పోయింది.

కాశమ్మ ఇంటికొచ్చి విప్పిన రైకను మళ్లీ మొదటిలా కుట్టడానికి ఒళ్లో వేసుకుంది. పట్టు మీద సూది పోటు మానదు. పక్కన కొత్త పోటు పడితే సొమ్ము ఖరాబ్ చేసిందంటారు, ఆ దెబ్బ సిద్దయ్య వీపు మీద పడుతుంది. అందుకే పాత పోటు వెతికి వెతికి అందులోంచే సూది దించుతోంది.

ఒక పక్క పూర్తయి రెండో పక్క సగంలో ఉండగా బుగ్గమ్మ వచ్చింది. ఆమె దొరసాని వెంట వచ్చిన ఆడబాప. అక్కడే తల నెరిసింది.

"గిదేంది, ఉన్నది ఉన్నట్టే కుడ్తున్నవ్?"

"ఉన్నది ఉన్నట్టే ఇస్త."

"పానం మీద తీపి లేదా? నీ మొగడు ఆడ కూసున్నడు."

"బెల్లం పెట్టి కొలిచినవ్ గదక్కా నా బిడ్డను."

బుగ్గమ్మ గడప మీద కూలబడింది. "కొలువుమన్నరు, కొలిచిన. కొలువనంటె నా తోలు ఉంటదా?"

"నిన్నెవలు కొలిచిన్రు?"

"మా అవ్వనే. కడుపునిండ తింటనని సంబురంగ పంపింది. మల్ల సూడలే." బుగ్గమ్మ ఇంట్లోకి తొంగిచూసింది. "పిల్ల లేదా? యాడికి పంపినవో నాకు చెప్పకు. దెబ్బలకు ఓర్వ, చెప్పేస్త." లేచి, కొంగు దులుపుకుంది. "మగపెండ్లోళ్ల ఆడోళ్లు అన్నం బంతి మీదున్నప్పుడు రా. గప్పుడు దొరసాని గొంతు లేవది."

కాశమ్మ ఆ వేళకే పోయింది. గడి మెట్టు మీద మూట పెట్టి నిలబడింది. దొరసాని విప్పి చూసి, "కత్తెర పెట్టలేదేమే?" అంది.

"గిది మా ముత్యాలు కొలత, దొరసాని. అది ఇంట్ల లేదు. తొడిగే పిల్ల లేంది పట్టెట్ల కోస్త?"

బంతిలోంచి వియ్యపురాలు తలెత్తింది. "ఏమైంది వదినా?"

"ఏం లేదు, బట్టల సంగతి," అని దొరసాని నవ్వింది. వంగి చిన్నగా, "బండ్లు కదలనియ్యి. నీ సంగతి చెప్త," అంది.

"మా ఆయనను తోలియ్యున్రి," అని కాశమ్మ అడిగింది. దొరసాని బంతి వైపు తిరిగింది.

తెల్లారేలోగా ఇంకో పిల్లను పట్టుకొచ్చి పట్టు తొడిగే వ్యవధి లేకపోయింది. అయినా గడి తన పద్ధతి మానుకోలేదు. పెండ్లికూతురి బండి వెనక బుగ్గమ్మను కూర్చోబెట్టారు. ఒంటిమీద వంకాయరంగు పట్టుచీర, అదే రైక. కోయలేదు కనుక ఆమెకు సరిపోయింది. ముసలి వయసులో మళ్లీ ఇంకో గడికి. దారి పక్కన నిలబడ్డ కాశమ్మను చూసి ఆమె తల తిప్పుకుంది. బండ్లు మహేశ్వరం దిక్కుకు మళ్లాయి.

ఎండెక్కాక సిద్దయ్యను బయటికి తోశారు. అంగీ వీపుకు అంటుకుపోయి ఉంది. మిషను ఇవ్వలేదు.

"చేతులు మంచిగున్నయా?" అంది కాశమ్మ.

"చేతులిడిచిపెట్టిన్రు."

ఇంటికి తాళం వేసే పని లేకపోయింది, లోపల పోయేదేమీ లేదు. ఇద్దరూ మంచాల దారి పట్టారు. చాలాదూరం పోయాక సిద్దయ్య అడిగాడు. "బుగ్గమ్మను పంపిన్రట గద. నీ మీద కోపముంటదా?"

"ఉంటది," అంది కాశమ్మ. "ఎందుకుండది? ముందుగాల పిల్లను చూద్దాం, నడువు."