బాపు చెయ్యి, లారీ ఇరుసు

నా చిన్నతనంలో ఒక ఎండాకాలమంతా మా కళ్ళంలో ఒక లారీ కదలకుండా నిలబడి ఉంది. ఊళ్లో పిల్లలకు అది పండగ. దాని మీదికెక్కి దూకేవాళ్లు, చక్రాల నీడన గవ్వలాడుకునేవాళ్లు. మా ఇంట్లో మాత్రం ఎవరూ దాని వైపు చూసేవాళ్లు కాదు.

కల్వకుర్తి నుంచి శ్రీశైలం వైపు వెళ్లే రోడ్డుకు కాస్త ఎడంగా మా ఊరు. మా తాతలనాటి నుంచి మాది గొర్రెల మంద. మా బాపు ఒక్కడే పడుచుతనంలో మందను తమ్ముళ్లకు వదిలి డ్రైవరయ్యాడు. వెదురు కాంట్రాక్టు తీసుకున్న ఒక సేటు, మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత లారీ కొని బాపు చేతికిచ్చాడు. ముందు చక్రాలు కూడా ఇంజను బలంతో తిరిగే లారీ అది. రోడ్డన్నది లేని చోట, వాగుల్లో, నల్లమల రాళ్ల బాటల్లో ఎక్కడికైనా పోయేది. బాపు దానికి పొద్దున్నే నీళ్లు పోసి తుడిచేటప్పుడు, బాపు తల్లి, మా అవ్వ నవ్వుతూ, వీడికి ఇద్దరు పెళ్లాలని అనేది.

ఆ ఎండాకాలం మొదట్లో, ఒక వాగు దాటుతుంటే ఇసుకలో దాగిన బండకు ముందు చక్రం బలంగా తగిలింది. రెండు ముందు చక్రాలనూ కలిపే రాడ్డు విల్లులా వంగిపోయింది. కల్వకుర్తిలో షెడ్డుకు తీసుకుపోతే, వాళ్లు రాడ్డు విప్పి, కొలిమిలో పెట్టి, సుత్తెతో తిన్నగా చేసి బిగించారు. బండి బాగయిందని అందరూ అనుకున్నారు. బాపు కూడా అలాగే అనుకున్నాడు.

తర్వాత కొద్ది రోజులకే నల్లమల కొండల ఘాటు రోడ్డు దిగుతుండగా ఆ సంగతి జరిగింది. వెనక వెదురు కొట్టే కూలీలు కూర్చుని ఉన్నారు. ఎడమ పక్క లోయ. ఒక మలుపులో లారీ ఉన్నట్టుండి ఎడమకు లాగింది. బాపు ఒళ్లంతా బలం చేసి స్టీరింగు తిప్పి, బ్రేకు మీద నిలబడ్డాడట. రోడ్డంచున పేర్చిన రాళ్లను రాసుకుని బండి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ దిగినవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు మళ్లీ ఎక్కకుండా, మూటలు నెత్తిన పెట్టుకుని నడుచుకుంటూ ఇంటికి వచ్చేశారు. ఆ సంగతి బాపు మాకు చెప్పలేదు, వాళ్లే చెప్పారు.

అంతకు ముందటేడు లారీలో పేర్చిన వెదురు మోపుల మీంచి పడి బాపు ఎడమ చెయ్యి విరిగింది. కట్టు కట్టించుకుంటే అతుక్కుంది గానీ, చలి పెడితే గుంజేది. ఘాటులో బండి పక్కకు పోయింది తన చేతివల్లేనని బాపు మనసులో నాటుకుపోయింది. లారీని తెచ్చి మా కళ్ళంలో పెట్టి, ఇంకో డ్రైవరును చూసుకోమని సేటుకు కబురు పంపాడు. ఆ పూట అమ్మతో అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది.

"నా చెయ్యి నా మాట ఇంటలేదే. గంతమంది పానం నా చేతుల పెట్టుకొని నేను నడపలేను."

అప్పటినుంచి మా బాపు వేరే మనిషైపోయాడు. బావిలో నీళ్లు కుడిచేత్తోనే తోడేవాడు. నన్ను ఎత్తుకోవడం మానేశాడు. నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో, ఎత్తుకునే వయసు దాటిందేమోనని సర్దుకున్నాను. కానీ మా చిన్న తమ్ముణ్ణి కూడా ఎత్తుకోలేదు. తన తమ్ముళ్ల వెంట మందకు పోయేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. రోజూ ఇంటికి వస్తున్నాడని మొదట్లో నాకు సంబరంగానే ఉండేది. పోనుపోను, పక్కన కూర్చున్నా ఆయన అక్కడ లేనట్టే అనిపించేది. మా అమ్మ ఏదన్నా చెప్పబోతే లేచి బయటికి పోయేవాడు.

అప్పుడు వచ్చాడు మా మామ, అమ్మకు తమ్ముడు. మిలిటరీలో డ్రైవరు. సెలవు మీద వచ్చి, అక్కను చూసిపోదామని మా ఇంటికొచ్చాడు. అవ్వ చెప్పిందంతా విన్నాడు. బాపుతో వాదిస్తాడనీ, ధైర్యం చెబుతాడనీ నేననుకున్నాను. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే, మిలిటరీలో తాను నడిపే రకం లారీయే కదా, ఒక్కసారి ఎక్కి చూడాలని ఉందని అడిగాడు. బాపు తాళం చేతికిచ్చాడు. మామ తీసుకోలేదు. ఊరి వెనక చదునుగా ఉన్న మెట్ట చెలక దాకా నువ్వే నడుపు, నేను పక్కన కూర్చుంటానన్నాడు. నన్ను కూడా ఎక్కించి మధ్యలో కూర్చోబెట్టాడు. బిడ్డ ఎందుకని బాపు అంటే, నా కోడలు లేందే నేను రానని మొండికేశాడు.

చెలకలోకి వచ్చాక, అన్నిటికన్నా తక్కువ గేరులో పెట్టి నడక వేగంతో పోనిమ్మన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఇగ రెండు చేతులు దీసి ఒళ్లె వెట్టుకో బావా."

బాపు ఆయన ముఖంలోకి చూశాడు. మామ ఎదురుగా ఉన్న చెలకను చూస్తున్నాడు తప్ప ఇటు తిరగలేదు. బాపు చేతులు తీశాడు. లారీ కొంత దూరం నేరుగా పోయినట్టే పోయి, మెల్లగా మూతి ఎడమకు తిప్పుకుంది. నేల వాలు అటుందేమోనని మామే అని, బండిని వెనక్కి మళ్లించి ఎదురు దిక్కునుంచి అదే దారిన నడపమన్నాడు. ఈసారీ లారీ తన ఎడమకే తిరిగింది.

"ఇప్పుడు ఎవరి చెయ్యి గుంజింది బావా?" అన్నాడు మామ.

బాపు బండి ఆపి, ఒళ్లో ఉన్న తన చేతులను చాలాసేపు చూసుకున్నాడు. 

లారీని మళ్లీ కళ్ళానికి తెచ్చారు. అక్కడ నేల గచ్చులా చదునుగా ఉంటుంది. టైర్లలో గాలి రెండు పక్కలా సమంగా ఉందో లేదో మామ చూశాడు. బ్రేకులు పట్టేసి ఉన్నాయేమోనని చక్రాల మధ్యన చెయ్యి పెట్టి చూశాడు, ఏదీ వేడెక్కలేదు. తర్వాత నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగును అటు కొంచెం ఇటు కొంచెం కదుపుతూ ఉండమని, తాను బండి కిందికి దూరాడు. నేను కదుపుతుంటే కింద ప్రతి కీలు మీదా చెయ్యి వేసి, ఎక్కడైనా వదులుందేమోనని తడిమి చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. షెడ్డులో తిన్నగా చేసిన రాడ్డు కూడా తిన్నగానే ఉంది. నాకు నిరాశగా అనిపించింది. ఇక చూడవలసిందేమీ లేదేమో, తప్పు బాపుదేనేమోనని భయపడ్డాను.

మామ బయటికొచ్చి అవ్వను దారమడిగాడు. దారం కొసకు రాయి కట్టి, కుడి చక్రానికి కొద్దిగా ఎడంగా పైనుంచి వేలాడదీసి పట్టుకొమ్మని బాపుకిచ్చాడు. దారానికీ చక్రపు రేకు అంచుకూ పైన ఎంత ఎడం, కింద ఎంత ఎడం అని జొన్న దంటు ముక్కతో కొలిచాడు. దాదాపు సమంగా ఉంది. అదే పని ఎడమ చక్రం దగ్గర చేస్తే, పైన పట్టిన దంటు కింద అందలేదు. చక్రం తల బయటికి వాలి ఉంది. రేకు వంకరేమోనని జాకీతో ఎత్తి, చక్రాన్ని సగం తిప్పి, దించి, మళ్లీ కొలిచాడు. తేడా మారలేదు. అంటే వంకర చక్రంలో లేదు, దాని వెనక ఉంది.

ఇద్దరూ కలిసి చక్రం ఊడదీశారు. గట్టిపడిన బురదా గ్రీజూ బాపే గోనెగుడ్డతో తుడిచాడు. చక్రం కూర్చునే ఇరుసు కొన బయటపడింది. దాని మొదలు కాస్త వంగి ఉంది, ఆ వంపు దగ్గర వెంట్రుకంత పగులు. బాపు ఆ పగులు మీద బొటనవేలు పెట్టి అలాగే కూర్చుండిపోయాడు.

షెడ్డువాళ్లు ఇది చూడలేదా అని అమ్మ అడిగింది. ఆమె గొంతులో కోపముంది. మామ వాళ్లను తప్పు పట్టలేదు.

"రాడ్డు వంగింది కండ్లవడ్డది, సక్కగ జేసిండ్రు అక్కా. గంత పెద్ద వంకర దొరికినంక ఇంకోటి ఉంటదని ఎవరనుకుంటరు? బండకు తాకిన దెబ్బ ఒక్కకాడ్నే ఆగలే."

బాపు లేచాడు. చేతులు కడుక్కుంటానని బావి దగ్గరికి పోయి, చాలాసేపు రాలేదు. వచ్చాక అన్నం కూడా తినకుండా వసారాలో గోనెపట్టా మీద వాలి నిద్రపోయాడు. పట్టపగలు ఆ గురక వాకిట్లోకి వినిపించింది. అన్ని రోజులూ ఆయన సరిగా నిద్రపోలేదని అమ్మ అప్పుడు చెప్పింది. అవ్వ గుమ్మంలో కూర్చుని, కోళ్లు అరిస్తే ఎక్కడ లేస్తాడోనని వాటిని తోలుతూనే ఉంది.

సేటు హైదరాబాదులో పాత సామాన్ల బజారు నుంచి ఇరుసు తెప్పించాడు. మామ సెలవు అయిపోయేలోపే ఇద్దరూ కలిసి బిగించారు. మళ్లీ చెలకకు పోయాం. బాపు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. లారీ గీత గీసినట్టు నేరుగా పోయింది. చెలక చివర కంచె వస్తోందని నేను కేక వేస్తే గానీ ఆయన స్టీరింగు పట్టుకోలేదు, అంతగా మురిసిపోయాడు. మొదట కూలీలను ఎక్కించుకోకుండా, మామను పక్కన పెట్టుకుని ఘాటు దిగి ఎక్కి వచ్చాడు. నడిచి ఇంటికొచ్చిన ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఆ తర్వాత మళ్లీ లారీ ఎక్కారు. నాకు తెలిసి బాపు ఇంకెప్పుడూ తన చెయ్యి గురించి మాట్లాడలేదు. చలికి అది గుంజుతూనే ఉండేది. ఆయన మాత్రం ముసలితనం దాకా బండి నడిపాడు.

నేను పెద్దదాన్నై, సంసారం చేసి, పిల్లల్నీ మనవల్నీ పెంచాను. ఒకసారి మా చిన్న కోడలు బిడ్డకు పాలు చాలడం లేదని, తాను తల్లిగా పనికిరానని గోడ వైపు తిరిగి ఏడుస్తూ పడుకుంది. అట్లా అనుకోకని నేను చెప్పలేదు. పక్కన కూర్చుని బిడ్డను ఒళ్లోకి తీసుకుని, నాలుకా పెదవులూ నిదానంగా చూశాను. నాలుక కింద నరం బిగిసి ఉంది. దవాఖానలో అది విడిపించాక కూడా నేనక్కడితో ఆగలేదు, కోడలు తింటోందా, పడుకుంటోందా అని చూస్తూనే ఉన్నాను. తనను తానే నిందించుకుంటున్న మనిషి ఎదురైతే, ఓదార్చడానికి ముందు నేనింకా వాళ్లు చెడిందంటున్న పని దగ్గరికే పోయి కూర్చుని, వంకర ఎక్కడుందో వెతుకుతాను. మా బాపుకు పట్టపగలు పట్టిన ఆ నిద్ర, వాళ్లకూ దొరకాలని నా ఆశ.