నల్లమడికి రాగి

మాదన్నపేటలో మా బర్రెల కొట్టం వెనక ఒక పల్లపు మడి ఉండేది. ఏళ్ల తరబడి తుంగ నీళ్లలో కుళ్లి, అక్కడి నేల నల్లగా, దూదిలా మెత్తగా మారింది. అడుగు వేస్తే చీలమండ దాకా దిగబడేది. యుద్ధం రోజుల్లో బియ్యం దొరకడం కష్టమై, మా అత్తగారూ నేనూ అందులో వరి నాటాము. పైరు బాగానే లేచింది. తర్వాత ఆకుల కొసలు తెల్లబడి మెలితిరిగాయి. వెన్నులు నిటారుగా నిలబడ్డాయి. నలిపి చూస్తే అన్నీ గింజ లేని తాలే.

రెండో ఏడూ అంతే. అత్తగారు విసిగిపోయి, కోసి బర్రెలకు వేద్దామన్నారు. కొడవలి పట్టుకుని దిగిన నాకు ఒక మూలన మాత్రం వెన్నులు బరువుగా వంగి కనబడ్డాయి. ఆ మూలకు ఆనుకునే ఉంది రాగి బిందెలు చేసే కంచరి ఆయన పెరడు. వెళ్లి అడిగితే, పాపం, గొడవకు వచ్చాననుకున్నారు.

"తప్పైంది చెల్లె. బిందెలు చింతపండుతోని తోమిన నీళ్లు అటే పోతున్నయి. ఇగ పోనియ్య."

"వద్దంటలేనన్నా. గా నీళ్లు తాకిన కాడనే గింజ వట్టింది," అన్నాను.

మా దగ్గర పాలు తీసుకునే పెద్దాయన ఒకరు వ్యవసాయ శాఖలో పనిచేసేవారు. మంచి వెన్నునూ తాలు వెన్నునూ తీసుకెళ్లి చూపించాను. కుళ్లిన తుంగతో ఏర్పడిన ఇలాంటి నేల రాగిని పైరుకు అందనివ్వదని, పేడ ఎంత వేసినా ఆ కొరత తీరదని చెప్పారు. మైలుతుత్తంలో రాగి ఉంటుందట. కొద్దిగా పొడిచేసి ఇసుకలో కలిపి చల్లమన్నారు. ఎక్కువైతే పైరే చస్తుందని రెండుసార్లు హెచ్చరించారు.

బేగంబజార్ నుంచి ఆ నీలం పలుకులు తెస్తే అత్తగారు ముట్టుకోలేదు.

"విషం జల్లిన మడిల బువ్వ తినాల్నా?"

ఆవిడకు ఎదురు చెప్పడం నాకు అదే మొదటిసారి. "సగం మడి నాకియ్యి అత్తమ్మా. సగం నీ ఇష్టం," అన్నాను. ఆవిడ పార తీసుకుని తానే మధ్యన గట్టు వేశారు.

మూడో ఏడు నాట్లయ్యాక నా వైపు తుత్తం కలిపిన ఇసుక చల్లి, రోజూ వెళ్లి ఆకుల కొసలు చూసుకునేదాన్ని. నా సగంలో తెల్లబడలేదు. ఒక ఉదయం వెళ్లేసరికి అత్తగారు అక్కడే ఉన్నారు. నా వైపు వెన్ను ఒకటి తుంచి, గింజను పంటి కింద నొక్కారు. పాలు పట్టింది. ఆ పూట ఆవిడ నాకు మీగడ పెరుగు వేశారు.

కోతలయ్యాక అత్తగారు కొత్త బియ్యం వండి, మొదటి పళ్లెం కంచరి వాళ్లింటికి పంపారు. పాలకు వచ్చినవాళ్లు అడిగితే, తెలుగు రానివాళ్లకు వచ్చీరాని ఉర్దూలోనైనా, తుత్తం సంగతంతా ఆవిడే చెప్పేవారు. ఎంత వేయాలంటే మాత్రం నా వైపు చూపించి, "గది మా కోడల్ని అడుగుండ్రి," అనేవారు.