ఇంటిపేరు అడిగిన తమ్ముడు

పరాయి దేశంలో, ఓ హోటలు కింది గదిలో చిరిగిన దుప్పట్లు కుట్టడం ఆమె పని. మిషను చప్పుడులో, తనకు అక్కడి భాష రాదన్న సంగతి మరిచిపోయేది. రోడ్డు మీదికి వస్తే మళ్ళీ గుర్తొచ్చేది.

అలాంటి రోడ్డు మీదే, బస్సు కోసం నిలబడితే, వెనక నుంచి ఎవరో అడిగారు.

"తెలుగువాళ్ళా అక్కా?"

ప్రాణం లేచొచ్చింది. అతను ముందు పుట్టింటి ఇంటిపేరు అడిగాడు. చెప్పింది. "మాదీ అదే. వరసకు అక్కవవుతావు" అన్నాడు. అంతే, ఇక అతన్ని ఏమీ అడగలేకపోయింది. తమ్ముడి వరస కలిశాక నువ్వెవరని ఎలా అడుగుతుంది? వేరే ఊళ్ళో మంచి పని ఉందంటే సరేనంది. కాగితాలకు కావాలంటే పాస్‌పోర్టు చేతిలో పెట్టింది.

బయల్దేరాల్సిన రోజున, ఇస్త్రీ చేసే ఆవిడ దుప్పట్లు మడతపెడుతూ నవ్వింది.

"నాకూ ఇక్కడ ఓ అన్నయ్య దొరికాడు వదినా. సొంత అన్నయ్య మొహం చూపించడు, ఈయనే నయం. గళ్ళ కోటు వేసుకుంటాడు. మా పుట్టింటి పేరూ తనదీ ఒకటేనట."

"ఏమిటి మీ పుట్టింటి పేరు?"

చెప్పింది. అది వేరే పేరు.

మిషను ఆగింది.

"నీకు ముందు ఇక్కడ కుట్టిన ఆవిడకూ ఆయనే పని చూపించాడట. ఫోన్ మాత్రం కలవట్లేదు. కొత్త చోటు కదా, తీరికుండదు" అంటూ ఆవిడ దుప్పట్ల బండి తోసుకుని వెళ్ళింది.

మెట్ల మీద గళ్ళ కోటు కనబడింది.

"పద అక్కా, కారు ఆగి ఉంది."

"నా పాస్‌పోర్టు ఏది తమ్ముడూ?"

"ఇదిగో, గుండెల మీదే." లోపలి జేబు తట్టాడు. "తమ్ముడి దగ్గరుంటే భయమేమిటి?"

కోటు బొత్తాం ఒకటి దారానికి వేలాడుతోంది.

"ఆ బొత్తాంతో నలుగురిలోకి వస్తావా? మా అక్క కుట్టుపని చేస్తుందని చెప్పుకుంటే నవ్వరూ? ఇటివ్వు."

అతను తటపటాయించాడు. అక్కా అన్న నోటితో వద్దనలేక విప్పి ఇచ్చాడు.

సూదిలో దారం ఎక్కలేదు. మళ్ళీ ఎక్కించింది. బయట హారన్ మోగితే అతను మెట్ల వైపు చూశాడు. పాస్‌పోర్టు దుప్పట్ల కుప్పలోకి వెళ్ళింది, జేబులోకి మడిచిన గుడ్డముక్క వెళ్ళింది. బొత్తాం గట్టిగానే కుట్టింది.

"నువ్వు పద. సంచి తీసుకుని వస్తా."

అతను గుమ్మం దాటగానే గడియ పెట్టింది.

కాసేపటికి తలుపు మీద చప్పుడు. "అక్కా, ఏం చేస్తున్నావ్?" మళ్ళీ, "అక్కా, తలుపు తియ్యి." ఆ తర్వాత అక్కా అనడం మానేశాడు.

బండి చక్రాలు దగ్గరికొచ్చి ఆగాయి. "అన్నయ్యా, నువ్విక్కడేంటి?" అంది ఇస్త్రీ ఆవిడ.

ఆమె తలుపుకు నోరు ఆనించింది. "వదినా, నా పుట్టింటి పేరు వేరు. అదీ తనదేనన్నాడు."

మెట్ల మీద బూట్లు గబగబా పైకి వెళ్ళాయి.

"వెళ్ళిపోయాడు. తలుపు తియ్యి వదినా."

తెలుగులోనే, వరస కలిపే అంది. ఆమె చేయి గడియ మీద అలాగే ఉండిపోయింది.