తొమ్మిది అర్జీల గుంత

నాకు అర్జీలు రాసే జబ్బుంది. ఇంట్లో నల్లా కారుతుంటే పట్టించుకోను గానీ, వీధి లైటు వెలగకపోతే వెంటనే పెన్ను తీస్తాను. శంకర్‌పల్లి దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతాను కాబట్టి నా అర్జీల్లో ఒక్క తప్పు కూడా దొరకదు. అందుకే వాటిని ఎవరూ చదవరని మా ఆవిడ అనుమానం.

చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ, పెద్ద రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది మా ఊరు. పోయిన చలికాలంలో చర్చి వెనక వీధిలో డ్రైనేజీ కోసమని ఒక గుంత తవ్వారు. నిలువెత్తు లోతు, రెండు మంచాలు పట్టేంత వెడల్పు. పైపులు రాగానే వస్తామని చెప్పి అదే సాయంత్రం మిషన్ తోలుకుని వెళ్లిపోయారు. పైపులు వచ్చాయి, కానీ వేరే ఊరికి వెళ్లాయట. మాకు గుంత మిగిలింది.

ఆ గుంత మీద నేను తొమ్మిది అర్జీలు పెట్టాను. మొదటిదాంట్లో 'దయచేసి' అన్నాను. ఐదోదానికి వచ్చేసరికి 'ప్రాణాపాయం' అన్నాను. తొమ్మిదోదాంట్లో 'తక్షణమే పూడ్చవలెను' అని రాసి కింద గీత కూడా గీశాను. ప్రతిసారీ ఫోనుకు ఒకే మెసేజ్ వచ్చేది: మీ అర్జీ పరిశీలనలో ఉన్నది. అది చూస్తే ఒళ్లు మండిపోయేది.

ఒక శనివారం పొద్దున, నేను చాయ్ తాగుతుండగా చిన్నమ్మ కేక వినబడింది. చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. మా గోడ పక్కనే ఒంటరిగా ఉంటుంది. ఆమెకున్నది ఒకే ఒక్క బర్రె. ఆమెకు కూడు పెట్టేదీ అదే, పొద్దస్తమానం మాట్లాడుకునే తోడూ అదే. పైగా నెలలు నిండి, ఇవాళో రేపో ఈనేలా ఉంది. రాత్రి వానకు గుంత అంచు మెత్తబడిందేమో, నీళ్ల తొట్టి దగ్గరికి పోతూ పోతూ అందులోకి జారింది. అదృష్టం కొద్దీ కాళ్ల మీదే నిలబడింది.

అత్యవసర నంబరుకు ఫోన్ చేశాను. మనుషులకు దెబ్బలు తగిలాయా అని అడిగారు. లేదంటే, అయితే పశువుల దవాఖానకు చెప్పుకోమన్నారు. దవాఖానలో డాక్టరు క్యాంపుకు పోయాడు. బయటికి తీసి పెడితే వచ్చి చూస్తాడట. చివరికి గుంత తవ్వించిన ఆఫీసుకే చేశాను.

"బర్రె బతికే ఉన్నదా సార్?" అని అడిగాడు అవతలి మనిషి.

"బతికే ఉన్నది."

"అట్లయితే మా కింద రాదు సార్. సచ్చిన పశువులను ఎత్తుడే మా సెక్షన్."

ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. ఊరి మగవాళ్లు తాళ్లు తెచ్చారు గానీ, చిన్నమ్మ ఒప్పుకోలేదు. "కడుపుకు తాడు కట్టి గుంజితే లోపటి పానం ఆగమైతది" అంటూ నిచ్చెన వేయించుకుని తనే గుంతలోకి దిగింది. బర్రె మెడ చుట్టూ చేతులు వేసి ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యమధ్యలో మమ్మల్ని తిట్టింది.

అప్పుడు వచ్చింది జేసీబీ! దాని వెనక మొరం మట్టి నింపిన టిప్పర్. మేమంతా చప్పట్లు కొట్టాం. నేనైతే ఆ ఫోన్ మనిషిని మనసులోనే క్షమించేశాను. జేసీబీ నుంచి ఆ ఆఫీసు కుర్ర ఇన్‌స్పెక్టర్ ఒకడు దిగి, "అర్జీ పెట్టిన సార్ ఎవరు?" అన్నాడు.

"నేనే" అన్నాను గర్వంగా.

"గుంత పూడుస్తం సార్. జర అందరు పక్కకు జరగండ్రి, ముందుగాల ఫోటో తియ్యాలె."

అతను వచ్చింది బర్రె కోసం కాదు. నా తొమ్మిదో అర్జీ కోసం! ఇన్నాళ్లూ ఎక్కడ నిద్రపోయిందో గానీ, సరిగ్గా ఆ పొద్దున లేచి వచ్చింది. అతను గుంతలోకి ఫోన్ పెట్టి చూసి బిత్తరపోయాడు.

"ఇదేంది సార్, లోపట బర్రె ఉన్నది! ఫోటోల బర్రె వస్తే ఆన్‌లైన్ల తీస్కోదు."

ఈలోగా వెనక టిప్పర్ డబ్బా పైకి లేస్తోంది. నేను రెండు చేతులూ చాపి అడ్డం నిలబడి, "పూడ్చొద్దు! పూడ్చొద్దు!" అని అరిచాను. ఇన్‌స్పెక్టర్ తన ఫోనులో నా అర్జీ తీసి నాకే చూపించాడు.

"తక్షణమే పూడ్చవలెను అని మీరే రాసిండ్రు గద సార్. గీత గూడ కొట్టిండ్రు."

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. గుంతలోంచి చిన్నమ్మ నవ్వు కూడా వినబడింది. నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జేసీబీ డ్రైవర్ మోకిల వైపు విల్లాల కోసం నేల చదును చేసే మనిషి. దిగి వచ్చి, గుంత చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"అన్న, నేనిప్పుడు పూడ్చ. ఇంక జర తవ్వుత" అన్నాడు.

"పూడ్చనీకి వచ్చి తవ్వితే నన్ను సస్పెండ్ చేస్తరే!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చేస్తే చెయ్యనియ్యి. మా ఇంట్ల గూడ బర్లున్నయి."

బర్రెకు దూరంగా, ఒక పక్క నుంచి మెల్లగా ఏటవాలుగా తవ్వుకుంటూ వచ్చాడు. జారకుండా దాని మీద మొరం పరిచాడు. అరగంటలో బాట తయారైంది. "రా తల్లీ, ఇంటికి పోదాం" అని చిన్నమ్మ పలుపు పట్టుకుని ముందు నడిచింది. బర్రె మేత నుంచి తిరిగొస్తున్నంత తీరిగ్గా ఎక్కి వచ్చింది. పైకి వచ్చి పది అడుగులు వేసిందో లేదో, అక్కడే నిలబడి నొప్పులు పడసాగింది. గంట తిరక్కముందే దుడ్డె పుట్టింది. ఇన్‌స్పెక్టర్ ప్యాంటు మడిచి, గడ్డితో దాని ఒళ్లు తుడిచాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మధ్యాహ్నం గుంత పూడ్చారు. పని అయ్యాక తీసిన ఫోటోలో ఒక మూల దుడ్డె నిలబడే ఉంది. అయినా ఆన్‌లైన్‌లో ఆ ఫోటోను తీసుకున్నారు. 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని మెసేజ్ వచ్చింది.

మూడో రోజు చిన్నమ్మ జున్ను వండింది. మా ఇళ్లలో ప్రథమ ఫలంగా మొదటి గిన్నె పాస్టర్ గారింటికి పోవాలి. ఈసారి డ్రైవర్‌కు పోయింది. మోకిల దాకా బండి మీద నేనే తీసుకుపోయాను. రెండోది పాస్టర్ గారికి. మూడోది ఇన్‌స్పెక్టర్‌కు. నా వంతుకు గిన్నె అడుగున గీకిన జున్ను వచ్చింది.

నాకు కోపం ఆగలేదు. "డ్రైవర్‌కంటే సరే. ఆ ఆఫీసోళ్లకెందుకు చిన్నమ్మా? నాలుగు నెలలు గుంత అట్లనే వదిలేసిండ్రు. తొమ్మిదిసార్లు రాసింది నేను!"

"రాసినవు బిడ్డ, కాదన్ననా?" అంది చిన్నమ్మ. "గని గా గుంత సుట్టు నాలుగు తుమ్మ కంపలు ఎయ్యాల్నని నీకన్న తోచిందా, నాకన్న తోచిందా? దినాం దాని పక్కకెంచే నడిస్తిమి."

నిజంగా సిగ్గేసింది. ఆమె నా ముఖం చూసి నవ్వడం మొదలుపెట్టింది. కాసేపటికి నేనూ ఆపుకోలేకపోయాను. జున్ను అడుగంటినా బాగుంది. తిని, గిన్నె కడిగి ఇచ్చి, ఆమె గొడ్డలి అడిగి తీసుకున్నాను. మా ఊరి బడి దగ్గర ఇంకో రెండు గుంతలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వాటి అర్జీ సాయంత్రం రాయొచ్చని, ముందు కంప కొట్టడానికి చెరువు వైపు నడిచాను.