ఎల్బా లేని పాట

"...నా పేరు పొడుగైతే? గెల పొడుగైందని తోటలో వదిలేసి వస్తావా?"

"గెలకీ పేరుకీ సంబంధమేంటే? పాదానికి ఎనిమిది అక్షరాలు. ప్రొవిదెన్సియా అంటే సగం పైన నీకే పోతుంది. ఎల్బా అయితే ఎక్కడైనా ఇముడుతుంది."

"ఎవరా ఎల్బా?"

"ఎవరూ కాదని ఎన్నిసార్లు చెప్పాలి? పాట కోసం పెట్టిన పేరు."

"ఎవరూ కానిదాని కళ్ళ మీద ఇన్నేళ్ళ పాటలు! నా కళ్ళకేమైంది, మెల్లా?"

నేను నా తీగల వాద్యం క్వాత్రోని భుజాన వేసుకుని వాళ్ళ మెట్ల దగ్గర ఆగిపోయాను. ఇవాళ దోన్యా తోమాసా ఇంట్లో క్రిస్మస్ కథలోని ముగ్గురు రాజులకు మొక్కు, పాటలతో తీర్చేది. ఎలాదియో పాట, నా వాయిద్యం. గుమ్మం పక్కన తాడు బిగించిన పెట్టె కనిపించింది. పొన్సే పట్నంలో ప్రొవి వాళ్ళ అక్కకు రొట్టెల కొట్టుంది. వచ్చి తోడుండమని చాలాకాలంగా పిలుస్తోంది.

"వచ్చావా మొన్సేరా," అన్నాడు ఎలాదియో. "మీ వదినకి ఇవాళ పూనింది."

"పూనలేదు తమ్ముడూ," అంది ప్రొవి. "ఇవాళైనా నా కోసం ఒక్క పాట కట్టమను. విని చెప్తా, ఉండాలో పోవాలో."

ఎలాదియో ఓరొకోవిస్ కొండల్లో అరటితోటల కూలీ. కలుపు తీస్తూ పాట కడతాడు. సాయంత్రం ఇంటికొచ్చి ప్రొవికి వినిపిస్తాడు. ఆమె కందికాయలు ఒలవడం ఆపి, వేళ్ళు ముడుస్తూ వింటుంది. "ఇక్కడ ఒక అక్షరం ఎక్కువైంది" అందంటే ఎక్కువైనట్టే. అతను మారు మాట్లాడకుండా మార్చుకుంటాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంతే.

మా పాటకు పది పాదాలు. మొక్కుల్లో పదోది పాడేవాడిది కాదు. వినేవాళ్ళలో ఒకరు ఇస్తారు. అప్పటికప్పుడు తొమ్మిది కట్టుకుంటూ వెళ్ళి, ఇచ్చిన పాదం మీద దిగాలి. దిగలేనివాణ్ణి మళ్ళీ ఎవరూ పిలవరు. ఎలాదియో దిగకపోవడం నేను చూడలేదు.

తోమాసా పెరట్లో ఎండ ఇంకా తగ్గలేదు. రాజుల బొమ్మల ముందు పూలు పెట్టారు. అరిటాకు పొట్లాలు విప్పుకుని తింటున్నవాళ్ళు మమ్మల్ని చూసి జరిగారు. నేను తీగలు సరిచేశాను.

"పాదం ఎవరిస్తారు?" అంది తోమాసా.

"నేనిస్తా." ప్రొవి లేచి నిలబడింది. "ఇదీ పాదం: రేపు పొద్దున వెళ్తున్నా."

"అమ్మో! ఎలాదియో, అన్నం మాడ్చావా ఏంటి?" ఎవరో అరిచారు. కొందరు నవ్వారు. ప్రొవి ముఖం చూశాక ఆ నవ్వు ఆగింది.

రాజుల ముందు ఇచ్చిన పాదాన్ని కాదనకూడదు. ఎలాదియో టోపీ తీశాడు. నేను వాయించడం మొదలుపెట్టాను. మామూలుగా ఒక చుట్టు తిరగ్గానే అందుకుంటాడు. ఈసారి అందుకోలేదు. మళ్ళీ మొదటికి వచ్చాను. అప్పుడు అందుకున్నాడు.

*ప్రొవిదెన్సియా నీ పేరు*
*పాటలో పట్టదు అన్నా*
*తప్పు నాదే, ఒప్పుకున్నా*
*ఇన్నేళ్ళూ అదే నా తీరు*

"పట్టింది!" అంది తోమాసా, చేత్తో నోరు మూసుకుంటూ.

ప్రొవి కదల్లేదు. ఆమె చేతి వేళ్ళు మాత్రం ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి. ఎలాదియో వాటినే చూస్తూ పాడుతున్నాడు. వానకు కారే ఇంటి కప్పు గురించి పాడాడు, కందికాయల గురించి పాడాడు. తాళం ఎక్కడా తప్పలేదు.

*ఎవరుంటారు నా పక్క*
*నీ వేళ్ళ మీదే నా లెక్క*

ఇక ఒక్క పాదం. అది అందరికీ తెలిసిందే. అతను నోరు తెరిచాడు, మూసుకున్నాడు. నేను చుట్టు తిప్పాను. మళ్ళీ తిప్పాను. టోపీ అంచు అతని చేతుల్లో నలిగిపోతోంది.

"దిగవోయ్!" అన్నాడు వెనకనుంచి ఒక ముసలాయన.

ఎలాదియో తల అడ్డంగా ఊపాడు.

పెరట్లో ఎవరూ తినడం లేదు. వచ్చే ఏడు ఈ గుమ్మంలోకి అతన్ని పిలవరని అందరికీ తెలుసు. అతనికీ తెలుసు.

ప్రొవి అతని దగ్గరికి వచ్చింది.

"అక్షరాలు సరిపోయాయి," అంది మెల్లగా. "నా పేరూ పట్టింది. కానీ నా పాటలోనూ నీ లెక్కేగా, ఎలాదియో."

నావైపు తిరిగి, ఆపవద్దన్నట్టు చూసింది. చుట్టు మొదటికి రాగానే, సరిగ్గా తాళం మీద, పదో పాదం తనే పాడింది.

తర్వాత మామూలు గొంతుతో అంది: "తమ్ముడూ, పొద్దున్నే నీ బండి తీసుకురా. బస్సు దగ్గర దింపుదువుగాని."