ఐసు ఫ్యాక్టరీలో పంపు చక్రం

విజయనగరంలో నేను పనిచేసే చోటికి వచ్చేవన్నీ విరిగినవో, అరిగినవో. రైసు మిల్లు పళ్లచక్రాలు, జూట్ మిల్లు రోలర్లు, తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడిన యంత్రాల ముక్కలు. వాటి మీద లేజర్ గీతలు తిప్పి, రూపాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, మళ్లీ పోత పోయడానికి వీలుగా నమూనా తయారుచేసి ఇవ్వడం నా పని. మా అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్స్‌రే తీసే ఉద్యోగమనే అనుకుంటుంది.

కిందటి వేసవిలో కళింగపట్నం దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాను. దాన్ని నడిపేది ఒకావిడ. వేటకి వెళ్లే బోట్లకి, చేపలు ఎగుమతి చేసేవాళ్లకి ఐసు అక్కడినుంచే వెళ్తుంది. యంత్రాన్ని చల్లబరచడానికి నీళ్లు తోడే పెద్ద పంపు ఊగిపోతూ ఊగిపోతూ చివరికి ఆగిపోయింది. అద్దెకి తెచ్చిన చిన్న పంపుతో సగం ఐసే తయారవుతోంది. కొత్త పంపు పెడదామంటే పునాది, పైపులు అన్నీ మార్చాలి. అందుకని పాత పంపు లోపల తిరిగే రెక్కల చక్రాన్నే మళ్లీ చేయించాలనుకుంది.

చక్రం విప్పి సిద్ధంగా ఉంచారు. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడ భర్త కూర్చున్నాడు. ఆ ఫ్యాక్టరీలో ఏది పాడైనా బాగుచేసింది ఆయనేనట. ఈమధ్య చేతులు వణకడం మొదలై పని మానేశాడు.

నేను పెట్టె తెరుస్తుంటే ఆయన భార్యతో, "నానుండగా బైటోళ్లని పిలిసినావేటి?" అన్నాడు.

"నీ సేతిలో రెంచి నిలబడతన్నాదా?" అంది ఆవిడ.

ఆయన కుర్చీ ఈడ్చుకుంటూ వాకిట్లోకి పోయాడు. నేనే ఏదో తప్పు చేసినట్టు నాకు ఇబ్బందిగా అనిపించింది.

చక్రం మెరవకుండా తెల్లపొడి స్ప్రే కొట్టి, చుట్టూ చిన్న చిన్న చుక్కల స్టిక్కర్లు అంటించాను. పంపు షెడ్డులో ఎండ వెలుతురుకి లేజర్ సరిగా పట్టలేదు. ఐసు గది గుమ్మంలోకి తీసుకెళ్తే స్కానర్ అద్దం మీద ఆవిరి కమ్మేసింది. చివరికి ఖాళీ గోనెసంచులు పడేసే గదిలో, ఎండుచేపల వాసన మధ్య, పని కుదిరింది.

స్క్రీన్ మీద చక్రం రూపం వచ్చాక ఉండాల్సిన రూపాన్ని అంచనాగా గీసి, దాంతో పోల్చి చూశాను. తరిగిపోయిన చోట నీలం, ఎత్తుగా ఉన్న చోట ఎరుపు చూపిస్తుంది. ఉప్పునీళ్లు తినేసి రెక్కల అంచులన్నీ నీలంగా ఉన్నాయి. ఒక పక్క రెక్కల మీద మాత్రం ముద్దలు ముద్దలుగా ఎరుపు. ఇవేమిటని అడిగాను.

ఆవిడ కాసేపు చూసి, "మావోడి వెల్డింగు," అంది. వాకిట్లోకి వినపడేలా భర్తని పిలిచింది. ఆయన వెంటనే రాలేదు. వచ్చాక మాత్రం స్క్రీన్ మీదికి బాగా వంగాడు. ఒక్కొక్క ముద్దనీ వేలితో చూపిస్తూ, అది తుపాను వెళ్లిన ఏడు వేసింది, ఇది చిన్నమ్మాయి పెళ్లి ముందు వేసింది అని చెప్పుకొచ్చాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"పంపు ఊగిపోనాది ఈటివల్లేనా?"

ఆ మాట రాకుండా ఉంటే బాగుండునని నేను అనుకుంటూనే ఉన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. అతుకులతో ఒక పక్క బరువెక్కిందనీ, ఆ ఊపుకే ఇరుసు పట్టుకునే బుష్ అరిగిపోయిందనీ చెప్పాను. ఆ అతుకులు లేకపోతే చక్రం ఏనాడో ముక్కలయ్యేదని కూడా చెప్పాను. అది ఆయన్ని ఊరడించడానికి అన్న మాట కాదు, నిజమే.

"అలగైతే తీసెయ్యమ్మా. కొత్తదానికి నా ముద్దలెందుకు?" అన్నాడు.

అంచుల్ని ఉప్పు తినేసినందువల్ల చక్రం మొదట ఎంత వెడల్పు ఉండేదో తెలియదు. అది తేలాలంటే చక్రం కూర్చునే పంపు డొల్లని కూడా లోపలివైపు స్కాన్ చెయ్యాలి. ఎండ తగ్గాక షెడ్డులో నేను దానికి చుక్కలు అంటిస్తుంటే, ఆయన స్కానర్ ఎంత బరువుంటుందని అడిగాడు. చేతికిచ్చాను. పట్టుకోగానే చెయ్యి వణికింది. వెంటనే తిరిగి ఇవ్వబోయాడు.

"ఉంచండి బాబాయ్. చెయ్యి వణికినా పర్లేదు. ఆ చుక్కల్ని చూసుకుంటూ అది ఎక్కడుందో అదే లెక్క కట్టుకుంటుంది. జోరుగా తిప్పకుండా ఉంటే చాలు," అన్నాను.

ఆయన నమ్మలేదు. గీతలు డొల్ల మీద వణుకుతూనే పాకాయి. స్క్రీన్ మీద మాత్రం గోడ నున్నగా, వంకర లేకుండా పేరుకుంటూ వచ్చింది. నేను వైరు పట్టుకుని వెనకాల నిలబడ్డాను. వదిలేసిన చోటు కనపడితే చెప్పాను, అంతే. డొల్ల మొత్తం ఆయనే తిప్పాడు. భార్య రెండుసార్లు వచ్చి టీ చల్లారిపోతోందని చెప్పింది. మూడోసారి తనే తాగేసింది.

పోత పోసి వచ్చిన కొత్త చక్రం మొదటిసారి బిగించినప్పుడు ఒకచోట రాసుకుంది. ఉప్పు తినేసి డొల్ల మిగతా చోట్ల కొంచెం వెడల్పయింది. దాన్ని బట్టి నేను కట్టిన లెక్కలో చక్రం ఆ కొంచెమూ ఎక్కువైంది. మళ్లీ విప్పి లేత్ మీద పైపైన తీయించాం. రెండోసారి బిగించి కొత్త బుష్ వేసి స్విచ్ వేస్తే, నీళ్ల చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. ఆయన పంపు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

తర్వాత రాజాం దగ్గర ఒక రైసు మిల్లులో పని పడితే, స్కానర్నీ స్క్రీన్‌నీ ఒక్కదాన్నే చూసుకోలేక ఆయనకి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తింది భార్య. "ఈయన్ని పంపుతాను గానీ, అన్నం ఏళకి తినిపించు," అంది. మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని, నాకంటే ముందే బస్సు దిగి మిల్లు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.