రేపటి మూడింట్లో ఒకటి

మా వియ్యపురాలు ఆదివారం ఉదయం పోయారు. కాఫీ పట్టుకుని గదిలోకి వెళ్ళింది నేనే. నిద్రలోనే గుండె ఆగిందన్నారు వచ్చిన డాక్టరు. ఆవిడ మా అల్లుడి తల్లి. ఈ పరాయి దేశంలో, టాలట్‌లోని పిల్లల ఇంట్లో ఆరేళ్ళు ఒకే వంటగదిలో మసిలాం. ఒకరినొకరు ‘వదినగారూ’ అనే పిలుచుకున్నాం.

ఆవిడకు ఆలివ్ కాయలంటే ప్రాణం. వచ్చిన కొత్తలో మా అమ్మాయి ఒక సీసా తెస్తే, నేను ఒకటి కొరికి కాగితంలో ఉమ్మేశాను. ఆవిడ కళ్ళు మూసుకుని నమిలారు.

“మన ఉప్పు ఉసిరికాయకి దూరపు చుట్టం వదినగారూ ఇది! కొత్త దేశం వస్తే ముందు అక్కడి ఊరగాయతో స్నేహం చెయ్యాలి.”

“నాయనమ్మా, దే ఆర్ ఫ్రమ్ స్పెయిన్, లైక్!” అంది మనవరాలు.

“అయితే ఏమే? మనం మాత్రం ఇక్కడివాళ్ళమా?”

అప్పటినుంచి శనివారాలు అందరం కలిసి తినేటప్పుడు ఆవిడే వడ్డించేవారు. కాస్త ఇంగువ పోపు తగిలించి, పళ్ళెంలో ఊరగాయ వేసే చోట తలా రెండు. అల్లుడి తల్లికి ముందు వడ్డించడం మా మర్యాద. ఆవిడ ఒప్పుకోక, నేను తిననని తెలిసీ, మొదట నా పళ్ళెంలోనే వేసేవారు. నేను వాటిని మనవరాలి పళ్ళెంలోకి జరిపేదాన్ని. ఆరేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు, ఆవిడ వెయ్యడమూ నేను జరపడమూ.

రెండేళ్ళ కిందట రక్తపోటు పెరిగింది. ఉప్పు బాగా తగ్గించాలని జీపీ డాక్టరమ్మ చెప్పింది. సీసా నా చేతికి తీసుకుని, రోజుకు మూడు అన్నాను.

“పెళ్ళిలో మేం పెట్టిన పేచీలకి ఇప్పుడు కసి తీర్చుకుంటున్నారా వదినగారూ?” అని నవ్వారే గాని, ఎదురు చెప్పలేదు. తిన్నాక మూడు గింజలూ సాసర్ అంచున వరసగా పేర్చి, “లెక్క చూసుకోండి” అనేవారు. నేను నిజంగానే చూసుకునేదాన్ని.

మొన్న శనివారం నలతగా ఉందని గదిలోనే పెరుగన్నం తిన్నారు. మూడూ అయ్యాక నా చెయ్యి పట్టుకున్నారు.

“ఇంకొక్కటి పెట్టండి. రేపటి మూడింట్లో తగ్గించుకుందురుగాని.”

“రేపటి సంగతి రేపే” అన్నాను. సీసా మూత బిగించి వచ్చేశాను.

నిన్న ఆవిడ బట్టలు సర్దాను. కార్డిగన్ జేబులు తిరగేశాను, దిండు గలీబులు దులిపాను, చీరల మడతలు విప్పి చూశాను. ఎక్కడైనా ఒక గింజ దొరుకుతుందని నా ఆశ. ఎన్నడైనా ఒకటి దొంగతనంగా తిన్నారని, నన్ను మోసం చేశారని తెలిస్తే చాలు. ఒక చేతిరుమాలు, బస్సు పాసు దొరికాయి.

చివరికి వంటగది ప్రెస్ అలమారలోంచి సీసా దించి, కాయలు గిన్నెలోకి వంచి లెక్కపెట్టాను. నా లెక్క ప్రకారం పందొమ్మిది ఉండాలి. పందొమ్మిదే ఉన్నాయి.

ఈ ఇంట్లో ఎంగిలి గిన్నె పూట దాటి ఉండనివ్వను. ఆవిడ గది కిటికీలో శనివారం నాటి సాసర్ ఇంకా అలాగే ఉంది. అంచున మూడు గింజలు ఎండిపోయాయి. వాటి పక్కన, ఇంకొకటి పట్టేంత చోటు.